బ్రైటన్‌లో మంచు, బారసాల, ఒక జైర్

తెనాలి వచ్చి పది రోజులైంది. ఇక్కడ అప్పుడే ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం పూట ఫ్యాను గాలి కూడా వేడిగానే తగులుతోంది. బోస్టన్ మంచు గురించి రాయాలంటే ఇప్పుడే రాసెయ్యాలి. ప్రయాణం సంగతులు వదిలేస్తాను. అమ్మాయి పురిటికని వెళ్ళాను, 2003 జనవరి 30న మనవరాలు పుట్టింది. ఇరవై ఒకటో రోజు, ఫిబ్రవరి 19 బుధవారం, బారసాల పెట్టుకున్నాం. ఆ బారసాలకు అటూ ఇటూ గడిచిన వారమే నాకు బాగా గుర్తుండిపోయింది. జైర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ డైరీ కొనుక్కున్నదీ ఆ వారమే.

ఫిబ్రవరి 16, ఆదివారం

మా వాళ్ళుండేది బోస్టన్‌లోనే బ్రైటన్ అనే పేట. అన్నీ మూడంతస్తుల చెక్క ఇళ్ళు, అంతస్తుకో కాపురం. మా వాళ్ళది నడిమి అంతస్తు. కింద వాటాలో ఇంటిగలావిడ ఒక్కతే ఉంటుంది, డెబ్బై దాటిన మనిషి.

పొద్దున్నుంచీ టీవీలో ఒకటే మాట: రేపు పెద్ద మంచు తుఫాను. అల్లుడుగారితో సూపర్‌మార్కెట్‌కి వెళ్తే అక్కడ తిరనాళ్ళలా ఉన్నారు జనం. పాలు, రొట్టె, గుడ్లు పెట్టే అరలు ఊడ్చి పెట్టినట్టున్నాయి. ఎవరూ తోసుకోవడం లేదు, అరవడం లేదు, కానీ అందరి చేతులూ గబగబా కదులుతున్నాయి. ఆ కంగారు నాకు కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అమ్మాయి నా చంకలో పిల్ల. ఆ తర్వాత రేడియోలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, పాలపొడి తెచ్చి పెట్టుకోవడం మా ఇంట్లో ఆచారమైపోయింది. ఇక్కడా అదే భయం, సరుకులే వేరు.

కొబ్బరికాయ దొరికింది. డాలరున్నర. కానీ పిలక లేదు, నున్నగా గీకేసి ఉంది. బారసాలకు పిలక లేని కాయ కొట్టడమా అని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. వెనక ఉన్నావిడ ఏమీ అనకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది. చివరికి రెండు తీసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి ఇంటిగలావిడ మెట్ల మీద ఉప్పు చల్లుతోంది. మంచు గడ్డకట్టి కాలు జారకుండా ముందే చల్లుతారట. 1978 ఫిబ్రవరి తుఫాను గురించి చెప్పింది. 27.1 అంగుళాలు పడిందట. ఊరి చుట్టూ తిరిగే 128వ నంబరు రోడ్డు మీద వేల కార్లు కూరుకుపోయి, జనం వాటిని అక్కడే వదిలేసి నడిచిపోయారట. పాతికేళ్ళ నాటి సంగతిని నిన్న జరిగినట్టు చెప్పింది. మేమూ ఉప్పెన గురించి అలాగే చెబుతాం.

ఫిబ్రవరి 17, సోమవారం

ఆ రోజు ప్రెసిడెంట్స్ డే, అల్లుడుగారికి సెలవు. నా డైరీలో రాసుకున్న పనులు నాలుగు: అమ్మాయి మందులు, పోస్టాఫీసు, సోయికూర. అన్నిటి కిందా చిన్న అక్షరాలతో, ఆర్గనైజర్, అంటే ఆ ఎలక్ట్రానిక్ డైరీ.

"ఇవాళే వెళ్ళాలా అత్తయ్యగారూ?"

"రేపు తలుపు తియ్యగలమో లేదో అంటున్నారుగా బాబూ. మీరు ఇంట్లో ఉండండి, నేను వెళ్ళొస్తా."

ఆయన నన్ను ఒక్కదాన్ని పంపుతారా? పిల్లకు పాలిచ్చి పడుకోబెట్టిన అమ్మాయి, ఇద్దరూ వెళ్ళి రండని తనే గెంటినంత పని చేసింది. పెళ్ళయి మూడేళ్ళయినా మా అల్లుడుగారూ నేనూ ఎదురెదురుగా కూర్చుని పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. కాఫీ తాగారా, పడుకుంటారా, అంతే. ఆయనతో కలిసి రోడ్డు మీద నడవడం అదే మొదలు. చీర మీద అమ్మాయి కోటు, రెండు జతల మేజోళ్ళు, వాటి మీద అమ్మాయి బూట్లు. బయట అడుగు పెట్టేసరికి చలికి ముక్కులో తడి గడ్డకట్టినట్టయింది. సన్నగా, ఉప్మారవ్వ జల్లించినట్టు, మంచు రాలడం మొదలైంది.

ముందు పోస్టాఫీసు. మనవరాలి ఫొటోలు మా వారికి పంపాలి. తీరా వెళ్తే తలుపులు వేసి ఉన్నాయి. సెలవని ఇంట్లోనే అనుకున్నాం కదా, పోస్టాఫీసుకూ అదే సెలవని ఇద్దరికీ తట్టలేదు. కవరు మళ్ళీ సంచీలో పెట్టుకున్నాను.

మందుల షాపు తెరిచే ఉంది. ఇక్కడ మాత్రలు అట్టల్లో ఇవ్వరు. లెక్కపెట్టి నారింజ రంగు సీసాలో పోసి, దాని మీద అమ్మాయి పేరు, ఏ పూట ఎన్ని వేసుకోవాలో అచ్చేసిన చీటీ అంటించి ఇస్తారు. ఇన్సూరెన్సు పోను మేం కట్టింది 10 డాలర్లు. బీమా ఏజెంటుని కాబట్టి నాకు ఆ రసీదు మీద ఆసక్తి పుట్టింది. అసలు ధర ఎంత, కంపెనీ ఎంత కట్టింది, మన వంతెంత, ప్రతి ముక్కా విడివిడిగా వేశారు. మడిచి దాచుకున్నాను.

సోయికూర దొరుకుతుందని నేను అనుకోలేదు. బాలింతకు పాలు పడాలంటే మా అమ్మ సోయికూర పప్పు పెట్టేది. బ్రైటన్‌లో రష్యా నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కొట్టొకటి దారిలో కనపడితే చలి కాచుకుందామని లోపలికెళ్ళాం. అరలన్నీ ఊరగాయ సీసాలు. ఓ మూల నీళ్ళు చిలకరించిన ఆకుకూర కట్టలు. ఒక కట్ట ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, మా అమ్మ వంటిల్లు కళ్ళ ముందు నిలబడింది. సోయికూరే! కౌంటరులో ఉన్నావిడ దాన్ని 'ఉక్రోప్' అంది. మూడు కట్టలు తీసుకున్నాను. పక్క అరలో బొంబాయిరవ్వ కూడా ఉంది, వాళ్ళ మాటలో 'మాంకా' అట. ఆ రవ్వతో వాళ్ళు పిల్లలకు పాలల్లో జావ కాస్తారని ఆవిడ చేతులు తిప్పుతూ చెప్పింది. మేం నేతిలో వేయించి కేసరి చేస్తామని నేనూ చేతులు తిప్పాను. అల్లుడుగారు మధ్యలో నిలబడి ఇద్దర్నీ చూసి నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం అదే వినడం.

ఇక నాలుగో పని. ఆఫీసు సామాన్ల కొట్టు స్టేపుల్స్, నది పక్కన ఉంది. ఈ కంపెనీ ఇప్పుడు దేశమంతా ఉంది గానీ, మొట్టమొదటి కొట్టు 1986లో తెరిచింది బ్రైటన్‌లోనేనట. మార్కెట్ స్ట్రీట్ వెంట మైలు పైన నడవాలి. మంచు అప్పటికి రవ్వ కాదు, అటుకులు. మాట రాకపోతే చలి ఎక్కువవుతుందని కాబోలు, ఆయన అడిగారు: "డైరీ ఉందిగా అత్తయ్యగారూ, ఇదెందుకు?"

అమ్మాయికి కూడా చెప్పని సంగతి ఆ నడకలో ఆయనకు చెప్పాను. ఇరవై ఏళ్ళుగా నేను జీవిత బీమా ఏజెంటుని. ఎవరి వాయిదా ఎప్పుడో, తొమ్మిదంకెల పాలసీ నంబర్లు, పుట్టినరోజులు, అన్నీ డైరీల్లోనే. రెండేళ్ళ క్రితం వానాకాలంలో మోపెడ్ మీద వస్తుంటే గట్టి జల్లు పట్టుకుంది. సంచీలో డైరీ నానిపోయి, సిరా కరిగి పేజీలన్నీ నీలంగా అయ్యాయి. చాలావరకు గుర్తు చేసుకుని మళ్ళీ రాశాను. తెనాలి మారీసుపేటలో ఒక దర్జీ పాలసీ మాత్రం జారిపోయింది. మూడు నెలలకోసారి కట్టే ప్రీమియం. గడువు దాటాక నెల రోజులు సమయం ఇస్తారు, అదీ దాటిపోయి పాలసీ ల్యాప్స్ అయింది. నేను వచ్చి చెబుతాను కదా అని ఆయన నిశ్చింతగా ఉన్నాడు. వడ్డీ నా డబ్బుతో కట్టి పునరుద్ధరించాను. దర్జీ ఒక్క మాట అనలేదు. ఆ ఇంటి గడప తొక్కాలంటే మాత్రం ఇప్పటికీ నాకు కాళ్ళు ఆడవు.

అల్లుడుగారు ఏమీ అనలేదు. కాసేపటికి తలెత్తి చూస్తే కొట్టు లేదు, నది ఉంది. మాటల్లో మలుపు దాటిపోయాం. చార్లెస్ నది గడ్డకట్టి, దాని మీద మంచు కప్పి, ఏది గట్టో ఏది నీరో తెలియడం లేదు. కృష్ణ కాలువ కట్టేసినప్పుడు బురద చూశాను గానీ, నీళ్ళు ఉండి కూడా కదలని నది చూడటం అదే. ఇద్దరం అక్కడే కొద్దిసేపు నిలబడి వెనక్కి తిరిగాం.

కొట్టులో ఒక కుర్రాడు అద్దాల బీరువా తీసి పామ్ అనే కంపెనీవి రెండు చూపించాడు. ఒకటి టంగ్‌స్టన్, రంగుల తెర, అరచేతిలో చిన్న టీవీలా వెలుగుతోంది. రెండోది జైర్. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, నలుపు తెలుపు తెర. టంగ్‌స్టన్ నాలుగైదు రెట్ల ధర. నా పనికి రంగులెందుకు? జైర్ చేతిలోకి తీసుకున్నాను. తేదీల పుస్తకం, చిరునామాలు, చెయ్యాల్సిన పనులు, చిత్తు కాగితం, నాలుగూ ఉన్నాయి. మూడు నెలలకోసారి దానంతటదే మళ్ళీ వచ్చేలా వాయిదా పెట్టి, ఇన్ని రోజుల ముందు మోగమని చెప్పొచ్చు. అది చూశాక ఇంకేమీ అడగాలనిపించలేదు. అల్లుడుగారు మాత్రం అడిగి లోపం కూడా కనుక్కున్నారు: దీని తెర వెనక లైటు లేదు, చీకట్లో కనపడదు. ఛార్జింగ్ పూర్తిగా పోతే లోపల రాసిందంతా పోతుంది కూడా. అందుకే కంప్యూటరుకు తగిలించి నకలు పెట్టుకుంటారట.

వీటిని మొదట తయారుచేసిన జెఫ్ హాకిన్స్, యంత్రం పుట్టకముందే ఆ సైజులో చెక్కముక్క ఒకటి జేబులో పెట్టుకుని తిరిగేవాడని అల్లుడుగారు చెప్పారు. ఎవరైనా కలుద్దామంటే ఆ చెక్క తీసి దాని మీద రాస్తున్నట్టు పుల్లతో గీసి చూసుకునేవాడట, జేబుకు బరువా, చేతికి ఇముడుతుందా అని. ఆ మాట నాకు బాగా నచ్చింది. వాడేవాడి జేబు నుంచి మొదలుపెట్టి చేసిన వస్తువన్నమాట.

అట్ట మీద ధర 99 డాలర్లు. కౌంటరులో 103 డాలర్ల 95 సెంట్లు అన్నారు. ఇక్కడ అట్ట మీద ఉన్నది కట్టే ధర కాదు, పన్ను తర్వాత కలుపుతారు, ఆ రాష్ట్రంలో అప్పట్లో 5 శాతం. మన దగ్గర అన్ని పన్నులూ కలిపి ధర వేస్తారు కదా, ఆ అలవాటుతో 99 చేతిలో పట్టుకుని ఉన్నాను. అల్లుడుగారు కార్డు తీశారు. ఆయన చెయ్యి నేనే వెనక్కి నెట్టాను.

"వద్దు బాబూ. ఇది నా కమిషన్ డబ్బు. నా పనికి నేను కొనుక్కుంటా."

విజయవాడలో డాలరు దాదాపు 48 రూపాయల లెక్కన మార్చుకున్న నోట్లు. ఐదు వేలకు పది రూపాయలు తక్కువ. ఒక పాలసీ మీద ఏటా వచ్చే 5 శాతంతో ఇంత కూడబెట్టాలంటే ఎన్ని గడపలు ఎక్కాలో నాకు తెలుసు. నోట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇస్తుంటే చెయ్యి వణకలేదు.

బయటికొస్తే ఎదురుగా ఉన్న చెట్టు కూడా మసకే. దారిలో డంకిన్ డోనట్స్‌లో ఆగి కాఫీ తీసుకున్నాం. 'రెగ్యులర్' అంటే ఈ ఊళ్ళో ఉత్త కాఫీ కాదు, క్రీమూ పంచదారా వేసి ఇస్తారు. అమెరికాలో మిగతా చాలాచోట్ల ఆ మాటకు ఆ అర్థం ఉండదని అల్లుడుగారన్నారు. మన డికాక్షన్ రుచి రాదు, కానీ ఆ వేడి గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకోవడానికైనా తాగాల్సిందే.

86వ నంబరు బస్సు కోసం నిలబడ్డాం. స్టాపులో ఒక రష్యన్ ముసలావిడ ఉంది. నేను కాలు ఎత్తి ఎత్తి వేస్తుంటే చూసి, నా మోచెయ్యి పట్టుకుని, తను నాలుగడుగులు నడిచి చూపించింది: మోకాళ్ళు కొద్దిగా వంచి, పాదం మొత్తం నేలకు ఆనించి, బాతులా. అలా నడిస్తే నిజంగానే జారలేదు. ఆకాశం వైపు చూపించి 'స్నేగ్' అంది. నేను 'మంచు' అన్నాను. ఆవిడ 'మంచు, మంచు' అని రెండుసార్లు పలికింది, చక్కగా. బస్సు వచ్చింది, మనిషికి 75 సెంట్లు. డ్రైవరు ఎక్కిన ప్రతివాళ్ళకూ జాగ్రత్తగా ఇంటికెళ్ళండని చెప్పాడు. దిగేవాళ్ళంతా ఆయనకు థాంక్యూ చెప్పి దిగారు. ఆ మర్యాద నాకు చాలా బాగుంది. తెనాలి వచ్చాక నేనూ ఆర్టీసీ కండక్టరుకు చెబుతున్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇంట్లోంచి కదల్లేదు. కింద తలుపు సగానికి మంచు. విమానాశ్రయం దగ్గర 27.5 అంగుళాలు కొలిచారని, 1978ని దాటిందని టీవీలో చెప్పగానే ఇంటిగలావిడ కిందనుంచి కేకేసి మరీ చెప్పింది.

నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఈ జైర్‌లో రాయడానికి గ్రాఫిటీ అని వేరే లిపి ఉంది. పుల్ల ఎత్తకుండా ఒక్క గీతలో అక్షరం పూర్తి కావాలి. 'ఎ' అంటే అడ్డగీత లేని గుడిసె కప్పు. 'టి' అంటే అడ్డంగా గీసి చివర కిందికి దించడం. తెర కింద ఎడమ పక్క అక్షరాలు, కుడి పక్క అంకెలు. ఎడమ నుంచి కుడికి గీస్తే ఖాళీ, కుడి నుంచి ఎడమకి గీస్తే చెరుపు. మధ్యాహ్నానికి చెరుపు గీత బ్రహ్మాండంగా వచ్చేసింది, మిగతావి సాయంత్రానికి వచ్చాయి. తెలుగు రాయదు, అదొక్కటే నాకు కష్టంగా ఉంది. మారీసుపేట అని ఇంగ్లీషులో రాస్తే అది మా మారీసుపేటలా లేదు.

మొదట పనికొచ్చింది అమ్మాయికే. రాత్రి ఎన్నింటికి పాలిచ్చింది, ఎంతసేపు తాగింది, డాక్టరు అడిగితే నిద్రమత్తులో తనకు గుర్తుండేది కాదు. చిత్తు కాగితంలో నేను రాసి పెట్టాను.

సాయంత్రం అల్లుడుగారు పార పట్టుకుని కారు తవ్వి తీశారు. రెండు గంటలు పట్టింది. తవ్విన చోట ఒక పాత కుర్చీ పెట్టి వచ్చారు. వీధి పొడుగునా అంతే: ఒకచోట ఇస్త్రీ బల్ల, ఒకచోట చెత్తబుట్ట. ఎవరు తవ్వుకున్న చోటు వాళ్ళదని గుర్తు, మరొకరు దాన్ని తీసి కారు పెట్టరు. బస్సు కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపుకున్నట్టే. మన కండువా వెనక ఏ శ్రమా లేదు. ఇక్కడ రెండు గంటల చెమట ఉంది కాబట్టి ఆ కుర్చీకి న్యాయం ఉందనిపించింది.

ఫిబ్రవరి 19, బుధవారం

పిలిచినవాళ్ళు ఇరవై మంది. రాగలిగింది ట్రాలీ రైలు పట్టాల పక్కన ఉండే రెండు కుటుంబాలు. మిగతావాళ్ళ కార్లు ఇంకా మంచు కిందే ఉన్నాయి. వచ్చినవాళ్ళలో ఒకావిడ చెప్పులంత చిక్కుడుకాయలు వండి గిన్నెకు శాలువా చుట్టి తెచ్చింది. మామిడాకులు లేవు. పిలక లేని కొబ్బరికాయే కొట్టాం, లోపల నీళ్ళు తియ్యగా ఉన్నాయి. సోయికూర పప్పు, మాంకాతో కేసరి.

పళ్ళెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో అల్లుడుగారు పేరు రాశారు, తెలుగులో. పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పారు. ఫోను స్పీకరులో పెట్టి మా వారికీ వినిపించాం. అంతా అయ్యాక ఆయన, "ఏదో కొన్నావటగా, పామా?" అన్నారు. పామ్ అని అమ్మాయి చెబితే ఆయనకలా వినపడింది. ఇల్లంతా నవ్వు, పిల్ల ఉలిక్కిపడి లేచింది.

మధ్యాహ్నం పోస్టాఫీసు. 80 సెంట్ల బిళ్ళ అంటించి ఫొటోలు పంపాను. ఇంటికొచ్చి జైర్ తీసి మొదటి పుట్టినరోజు ఎక్కించాను: జనవరి 30, ఏటా మోగాలి. బియ్యంలో రాసిన పేరు అప్పటికి పళ్ళెం కదిలి చెదిరిపోయింది. ఇందులో ఇంగ్లీషులోనే ఉంది, కానీ ఉంది.

మార్చి 25

పాలసీలన్నీ ఎక్కించడానికి నెల పట్టింది, రోజుకు ఇరవై చొప్పున, పిల్ల పడుకున్నప్పుడల్లా. అల్లుడుగారు తన కంప్యూటరులో నకలు తీశారు. డైరీ మాత్రం మానలేదు.

ఆ పొద్దున పిల్లకు నలుగు పెడుతుంటే వంటింటి గట్టు మీద అది మోగింది. మారీసుపేట దర్జీ, మార్చి 28 వాయిదా, మూడు రోజుల ముందు హెచ్చరిక. చేతులు కడుక్కుని కాలింగ్ కార్డు నంబరు నొక్కి మా వారికి ఫోను చేశాను. ఇప్పుడే వెళ్ళి చెప్పి రండన్నాను. అక్కడ సాయంత్రం, ఆయన వెళ్ళొచ్చేదాకా నేను ఫోను పక్కనే కూర్చున్నాను.

దర్జీ నిన్ననే కట్టేశాడట, రసీదు కూడా చూపించాడట. "అమ్మగారు ఊళ్ళో లేరుగదండీ, ఈసారి నేనే గుర్తు పెట్టుకున్నాను" అన్నాడట. మనవరాలికి గౌను కుడతాడట, కొలతలు పంపమన్నాడు. చిత్తు కాగితంలో రాసుకున్నాను.